కాలవగట్టు రోడ్డుకి కర్ర గుంజల గార్డ్‌రెయిల్: సిమ్యులేషన్‌లో గుంజ విరిగే తీరు నమ్మొచ్చా?

ఎంటెక్_అమలాపురం

అందరికీ నమస్కారమండి. ఎంటెక్ స్ట్రక్చర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మా వైపు కాలవగట్టు రోడ్లకి కర్ర గుంజలు పాతి వాటి మీద డబ్ల్యూ-బీమ్ రెయిల్ (W ఆకారంలో మడిచిన ఇనుప పట్టీ) బిగిస్తే, కారు తగిలినప్పుడు గుంజ ఎలా విరుగుతుందో ఎల్‌ఎస్-డైనా అనే క్రాష్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో చూడటం నా ప్రాజెక్టు. రెయిలూ కారూ ఇంకా పెట్టలేదు. ఒక్క గుంజ, దాన్ని గుద్దే ఒక బరువు, అంతే.

గుంజ 150 మి.మీ. లావు సరుగుడు. నేల కింద భాగం కదలకుండా బిగించేశాను. మెటీరియల్ 143వ నంబరు, అంటే కర్ర కోసమే రాసిన మోడల్. సరుగుడు విలువలు ఎక్కడా దొరక్క, అందులో ముందే ఉన్న పైన్ విలువలు వాడాను.

మెష్, అంటే లెక్క కోసం గుంజని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టే సైజు, 20 మి.మీ. పెడితే గుంజ వంగి అలాగే ఉండిపోతోంది. 10 మి.మీ. చేస్తే నేలమట్టం దగ్గర ఒక వరస ఎలిమెంట్లు మాయమై పైముక్క ఎగిరిపోతోంది. చీలిక లేదు, నార లేవడం లేదు, కత్తితో కోసినట్టు ఉంటోంది. కర్ర విరగడం కళ్ళారా చూసినవాళ్ళెవరూ దీన్ని కర్ర అనరు. మా గైడ్ గారికి చూపిస్తే "గ్రాఫ్ వచ్చిందిగా, రాసెయ్యి" అన్నారు. నాకు రాయబుద్ధి కావట్లేదు.

మెష్‌మాస్టర్_పుణే

రాయకపోవడం మంచిపని. నేను కార్ల కంపెనీలో క్రాష్ పని చేస్తాను. కర్రతో పని తక్కువే గానీ, నువ్వు చెప్పిన లక్షణాలు నాకు బాగా పరిచయం.

మొదటి ప్రశ్న: మెటీరియల్ కార్డులో ఏఓపీటీ, అంటే నార దిశ చెప్పే గడి, ఎంత పెట్టావు? కర్రకి నార దిశ ఉంటుంది. నార పొడుగునా లాగితే ఎంత బలమో, నారకి అడ్డంగా లాగితే అందులో నూటికి నాలుగైదు వంతులు కూడా ఉండదు. సాఫ్ట్‌వేర్‌కి నువ్వు చెబితే తప్ప నార ఎటుందో తెలియదు. ఆ గడి సున్నాగా వదిలేస్తే ఎలిమెంట్ నోడ్ల (మూలబిందువుల) నంబర్ల వరసని బట్టి దిశ తీసుకుంటుంది. నువ్వు గుండ్రటి మెష్ గీసి పైకి సాగదీసి ఉంటే, మొదటి రెండు నోడ్లూ అడ్డకోతలో పడతాయి. అంటే నీ గుంజలో నార నిలువుగా కాక అడ్డంగా పరుచుకుని ఉంది. అలాంటి కర్ర అడ్డంగా తెగకేం చేస్తుంది? అక్కడ 2 పెట్టి, గుంజ పొడవు దిశని వెక్టర్‌గా ఇచ్చి మళ్ళీ రన్ చెయ్యి.

రెండోది, ఎనర్జీ గ్రాఫులన్నీ పెట్టు. ఒక్క ఇంటిగ్రేషన్ పాయింటున్న ఎలిమెంట్లు వాడి ఉంటావు. వాటిలో అవర్‌గ్లాస్ ఎనర్జీ (ఎలిమెంట్లు ఉత్తుత్తిగా మెలితిరిగితే లెక్కలో చేరే శక్తి) ఇంటర్నల్ ఎనర్జీలో (కర్ర నిజంగా మింగిన శక్తిలో) పదో వంతు దాటితే ఆ ఫలితం చెత్తబుట్టకే. 20 మి.మీ. దగ్గర గుంజ వంగి నిలబడటం వెనక ఇదే ఉందని నా అనుమానం. 150 మి.మీ. మందానికి ఏడెనిమిది ఎలిమెంట్లు పెట్టి వంపుని పట్టుకోవాలంటే కష్టమే.

అలాగని మెష్ మరీ సన్నగా చేసుకుంటూ పోకు. నార పొడుగునా కర్రలో శబ్దతరంగం సెకనుకి సుమారు 4 కిలోమీటర్లు పోతుంది. 10 మి.మీ. ఎలిమెంట్‌కి టైమ్‌స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకెళ్ళే సమయం, 2 మైక్రోసెకన్ల చిల్లర. సైజు సగం చేస్తే ఎలిమెంట్లు 8 రెట్లు, స్టెప్పులు 2 రెట్లు, మొత్తం 16 రెట్ల పని. కాలేజీ ల్యాబు కంప్యూటరు పొగలు కక్కుతుంది.

పులసప్రియుడు

నాది ఇంజినీరింగ్ కాదండి, బీకామ్. ఒక్కటి అర్థం కాలేదు. గార్డ్‌రెయిల్ అంటే కారు కాలవలో పడకుండా ఆపేదే కదా. గుంజ విరగకుండా ఏం చేయాలో చూడాలి గానీ, విరిగేది ఎలా విరుగుతుందో చూసి ఏం లాభం?

మెష్‌మాస్టర్_పుణే

మంచి ప్రశ్నండి. ఇంజినీర్లే చాలామంది అడగరు.

1,100 కిలోల కారు గంటకి 60 కి.మీ. వేగంతో వస్తే దాని గతిశక్తి సుమారు 153 కిలోజౌళ్ళు. అదంతా ఒక్క గుంజ ఆపాలంటే కారు నుజ్జవుతుంది, లోపల మనుషులూ మిగలరు. గార్డ్‌రెయిల్ పని కారుని ఆపడం కాదు, పక్కకి తోసి మళ్ళీ రోడ్డు వెంట పంపడం. 25 డిగ్రీల కోణంలో తగిలితే రోడ్డుకి అడ్డంగా ఉండే వాటా 27 కిలోజౌళ్ళే. అంతవరకు రెయిల్ మింగితే చాలు. అమెరికాలో 2009లో వచ్చిన మాష్ అనే బ్యారియర్ పరీక్షా పద్ధతిలో 2,270 కిలోల పికప్ ట్రక్కుని గంటకి 100 కి.మీ. వేగంతో, ఇదే 25 డిగ్రీల కోణంలో గుద్దిస్తారు. అప్పుడు అడ్డవాటా 156 కిలోజౌళ్ళు.

కారుని పట్టుకునేది రెయిల్, తాడులా సాగి. గుంజలు ఆ రెయిల్‌ని సరైన ఎత్తులో నిలబెడతాయి. గుంజ మరీ మొండిగా నిలబడితే ముందుచక్రం దానికి చిక్కుకుని కారు గిర్రున తిరుగుతుంది. గుంజ వంగిపోతూ రెయిల్‌ని కూడా కిందికి లాక్కుపోతే కారు దాని మీదెక్కి అవతలపడుతుంది. సమయానికి విరిగి రెయిల్‌ని వదిలేసే గుంజ కావాలి.

రెయిల్ మొదలయ్యే కొసల దగ్గర గుంజకి కావాలనే బెజ్జాలు పెడతారు. 150×200 మి.మీ. కర్రకి నేలమట్టం దగ్గర ఒకటి, దానికి 400 మి.మీ. కిందగా ఇంకొకటి, ఒక్కోటి 89 మి.మీ. వ్యాసం. బెజ్జం రోడ్డు వెంబడి దిశలో పోతుంది. లెక్క వేసి చూస్తే, రోడ్డుకి అడ్డంగా వంచినప్పుడు గుంజ పోగొట్టుకునే బలం నూటికి 9 మాత్రమే, ఎందుకంటే బెజ్జం వంపు ఒత్తిడి లేని నడిమధ్యలో ఉంటుంది. అదే రోడ్డు వెంట వంచితే 44 పోతుంది. పక్క నుంచి తగిలిన కారుని కాస్తుంది, కొసకి ఎదురుగా వచ్చిన కారుకి దారి ఇచ్చేస్తుంది. ఒక్క బర్మా పోటుతో రెండు పనులు.

పులసప్రియుడు

ఆయ్, ఇప్పుడు ఎక్కిందండి బుర్రకి.

అడితి_బాబాయ్

నాది రావులపాలెం వైపు కర్రల అడితి. ఈ కంప్యూటర్ల గోల నాకు తెలవదు గానీ, సరుగుడు అన్నారని ఆగాను.

అమ్మాయ్, సరుగుడు బాదు బరువైన కర్ర, గట్టి కర్ర, కాదనను. సెంట్రింగుకి, పందిళ్ళకి మా దగ్గర్నించే పోతాయి. కానీ దాని గుణం ఏంటంటే ఎండేకొద్దీ చీలుతుంది. కొసన సన్నగీతలా మొదలై, రెణ్ణెల్లు ఎండలో పడేస్తే మూరెడు లోపలికి పోతుంది. ఆ చీలికున్న బాదుని గుద్దితే అడ్డంగా విరగదు, నిలువునా రెండు బద్దలై అప్పుడు ఒక్కో బద్దా విడిగా విరుగుతుంది. మీ బొమ్మలో ఆ చీలిక ఉందా?

ఇంకోటి. లావు ఒకటే చెప్పారు. బాదుకి మొదలు లావు, కొస సన్నం. మొదలు కింద పాతారా, తలకిందులుగా పాతారా? తడి ఎంత? పచ్చి బాదు వంచితే మూలుగుతా వంగుద్ది, టపీమని విరగదు. అన్నీ ఒకటే అనుకుని పైన్ అంకెలు పెడితే ఎలాగండి. పైన్ అంటే మా అడితిలో పెట్టెలు కొట్టే కర్ర.

తాటిదూలం గురించి ఎవరైనా అడుగుతారేమో, ముందే చెప్పేస్తున్నా. ముదురు తాటి మొద్దు బయట నాలుగు వేళ్ళ మందం నల్లటి చేవ, లోపలంతా మెత్త. దాన్ని నాలుగుపలకలుగా కోయించి లోపలి ముక్క తెచ్చి బలమెంతో చూస్తే తాటిని అవమానించినట్టే.

మెష్‌మాస్టర్_పుణే

బాబాయ్ గారూ, మీరు మా ఆఫీసుకొచ్చి పాఠం చెప్పాలి.

ఎంటెక్ అమ్మాయికి ఆయన మాటల్ని ఇన్‌పుట్ ఫైలు భాషలోకి మార్చి చెబుతాను. లావు అంత ముఖ్యం ఎందుకంటే, గుండ్రటి గుంజ వంపు బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. కర్ర విరుగుడు ఒత్తిడి 50 మెగాపాస్కల్ అనుకుంటే, 150 మి.మీ. గుంజని నేలకి 550 మి.మీ. ఎత్తున తోసి విరగ్గొట్టడానికి 30 కిలోన్యూటన్లు కావాలి. 100 మి.మీ. కొసవైపైతే 9 చాలు. ఒకే బాదు రెండు చివర్ల మధ్య మూడు రెట్లకి పైగా తేడా.

తడి విషయానికొస్తే, 143 మోడల్‌లో తేమశాతం ఒక గడి. సుమారు 30 శాతం దాకా తేమ పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది, ఆ పైన ఎంత నానినా పెద్ద తేడా ఉండదు. ముడులకి, లోపాలకి నాణ్యత గుణకాలని వేరే ఉన్నాయి, లాగుడుకి ఒకటి, నొక్కుడుకి ఒకటి. కానీ ఆ తేమ లెక్కలన్నీ సదరన్ పైన్, డగ్లస్ ఫర్ కర్రలకే కట్టి ఉన్నాయి, ఆ మోడల్ అమెరికా రోడ్ల శాఖ కోసం రాసింది మరి. సరుగుడు అయితే ఐదు సాగుడు విలువలు, ఆరు బలాలు, చీలిక ఎనర్జీలు నువ్వే సంపాదించాలి.

మెష్ మారితే ఫలితం మారకుండా చూసేది ఆ చీలిక ఎనర్జీలే. పగులు ఎంత ఎనర్జీ మింగాలో ఎలిమెంటు సైజుకి తగ్గట్టు సర్దుకుంటుంది. అవి తప్పుగా ఉంటే కర్ర మొండిదో పెళుసుదో అయిపోతుంది. బాబాయ్ చెప్పిన ఎండు చీలికని మాత్రం ఏ గుణకమూ చూపించలేదు. దాన్ని మెష్‌లోనే నిలువు ఖాళీగా పెట్టాలి, రెండు వైపులా నోడ్లు విడదీసి, ఒకదాంట్లో ఒకటి దూరకుండా కాంటాక్ట్ ఇచ్చి.

ఎంటెక్_అమలాపురం

ఏఓపీటీ 2 పెట్టి నార నిలువుగా ఇచ్చానండి. బొమ్మ మొత్తం మారిపోయింది! లాగుడు వైపు నేలమట్టం దగ్గర ముందు పగులు పుట్టి, అక్కణ్ణించి మెట్టుమెట్టుగా పైకి పాకింది. చివర్లో సగం మందం విరిగి, మిగతాది నారతో వేలాడుతోంది. అవర్‌గ్లాస్ 10 మి.మీ. దగ్గర హద్దులోనే ఉంది.

అడితి బాబాయ్ గారూ, మీ అడితి నుంచి మొదలువైపు ముక్కలు కొన్ని ఇప్పించగలరా? డబ్బులిస్తానండి.

అడితి_బాబాయ్

ముక్కలకి డబ్బులేంటమ్మా. వచ్చి తీసుకెళ్ళు. ఎన్నాళ్ళు ఎండినవో సుద్దముక్కతో రాయించి ఇస్తాను.

ఆర్‌అండ్‌బీ_విశ్రాంతి

ఆలస్యంగా చూశాను. రోడ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరూ అడగని రెండు మాటలు.

ఒకటి, మన దేశంలో క్రాష్ బ్యారియర్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ మార్గదర్శకం ఐఆర్‌సీ 119 ఉంది, 2015 నాటిది. 216 నంబరు జాతీయ రహదారి మీద మీరు చూసేవన్నీ ఇనుప గుంజలే. కర్ర గుంజ అమెరికాలో చౌక, ఎందుకంటే అక్కడ పైన్ అడవులున్నాయి, మందు పట్టించే కార్ఖానాలున్నాయి. ఇక్కడ కర్ర గుంజ పాతితే చెదలు పట్టేలోపు ఎవరి పొయ్యిలోకో పోతుంది. ఇనుము పాతినా పోతుందనుకోండి, కాకపోతే ఇనుము కోయడానికి కాస్త టైము పడుతుంది.

రెండోదే అసలుది. అమ్మా, నీ గుంజ కింది భాగాన్ని "కదలకుండా బిగించేశాను" అన్నావు. ఎక్కడ బిగించావు? మన గట్టులోనా? జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలాక గట్టు మీద గునపం వేస్తే చేత్తోనే దిగుతుంది. వేసవిలో కాలవలు కట్టేశాక అదే మట్టి నెర్రెలిచ్చి గునపం తిరగబడుతుంది. నీ గుంజ ఈ రెండు నేలల్లోనూ ఉండాలి. పైగా గుంజకి కాలవవైపు మట్టి ఎంత? రోడ్డు అంచు నుంచి అడుగో అడుగున్నరో పోతే వాలు మొదలు. ఆనుకోవడానికి మట్టే లేదు.

అమెరికావాళ్ళ టెస్టులన్నీ బాగా దట్టించిన కంకరలో పాతి చేస్తారు. ఆ గుంజ విరుగుతుంది, ఎందుకంటే నేల కదలదు. మన నల్లమట్టిలో గుంజ విరగదు, పడుకుంటుంది.

మెష్‌మాస్టర్_పుణే

సార్, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా విలువైన పోస్టు ఇదే. ఊరికే పొగడ్తలా ఉండకుండా లెక్క వేసి చూపిస్తా.

బ్రామ్స్ అనే ఆయన 1964లో బంకమట్టిలో దిగ్గొట్టిన పైల్ (నేలలో పాతిన స్తంభం) అడ్డంగా తోస్తే ఎంత ఆపుతుందో లెక్కించే పద్ధతి ఇచ్చాడు. 150 మి.మీ. గుంజ, 1.1 మీటర్లు నేలలో, తోపు 550 మి.మీ. ఎత్తులో. నానిన మెత్తటి బంకమట్టి కోతబలం 20 కిలోపాస్కల్ అనుకుందాం. నేల ఇచ్చేది 4 కిలోన్యూటన్లు. అదే మట్టి ఎండి 100 కిలోపాస్కల్ అయితే 20. గుంజ విరగడానికి కావల్సింది 30.

అంటే రెండు కాలాల్లోనూ మంచి గుంజ విరగదు, నేలే ముందు లొంగుతుంది. వానాకాలంలో ఏడోవంతు బలానికే పడుకుంటుంది. ఎండాకాలంలో మాత్రం చీలిక ఉన్నదో నేలమట్టం దగ్గర పుచ్చిందో అయితే విరుగుతుంది. సమతల నేలకి లెక్క ఇది. గట్టు వాలు కలిపితే ఇంకా తగ్గుతుంది. గుద్దు వేగానికి మట్టి, కర్ర రెండూ కాస్త గట్టిగా ప్రవర్తిస్తాయి, గుంజ బరువూ మట్టి బరువూ మొదటి కొన్ని మిల్లీసెకన్లు అడ్డుపడతాయి. అయినా 4కీ 30కీ మధ్య దూరం అవి పూడ్చలేవు.

నేలని రెండు రకాలుగా పెట్టొచ్చు. గుంజ పొడుగునా స్ప్రింగులు, ఒక్కో లోతుకి ఒక్కో గట్టిదనం. లేదా చుట్టూ మట్టి దిమ్మె గీసి 147వ నంబరు సాయిల్ మోడల్. ముందు స్ప్రింగులతో మొదలెట్టు, త్వరగా అవుతుంది. వాలు చూపించాలంటే మాత్రం దిమ్మె తప్పదు.

కోనసీమ_కుర్రోడు

ఇంత గొడవెందుకు బ్రో, పాతకాలంలోలా నలుపు తెలుపు రంగు వేసిన రాళ్ళు పాతేస్తే పోలా?

ఆర్‌అండ్‌బీ_విశ్రాంతి

గార్డు రాయి రాత్రిపూట అంచు ఎక్కడుందో చూపించడానికి బాబూ, కారుని ఆపడానికి కాదు. గుద్దితే రాయీ కారూ కలిసే కాలవలో ఉంటాయి.

ఎంటెక్_అమలాపురం

స్ప్రింగులతో రన్ చేశానండి. సార్ చెప్పినట్టే అయింది. మెత్తటి నేల పెడితే గుంజ దాదాపు వంగకుండా తిన్నటి కర్రలాగే పక్కకి వాలిపోయింది, లోపల ఒత్తిడి విరుగుడు దరిదాపుల్లోకి రాలేదు. గట్టి నేల పెట్టి, నిలువు చీలిక కూడా కలిపితే విరిగింది. కానీ నేలమట్టం దగ్గర కాదు, దానికి జానెడు కింద. మొదటిసారి బిగించిన మోడల్‌లో నేలమట్టం దగ్గరే విరిగేది.

మెష్‌మాస్టర్_పుణే

అవును, నేల కాస్త లొంగితే వంపు గరిష్ఠస్థానం కిందికి జారుతుంది. బెజ్జాల గుంజకి రెండో బెజ్జం 400 మి.మీ. కింద ఎందుకు పెట్టారో ఇప్పుడు నీకు నువ్వే చెప్పుకోగలవు.

ఇక నీ థీసిస్ ప్రశ్నే మార్చుకోమంటాను. "గుంజ ఎలా విరుగుతుంది" తీసేసి, "డెల్టా గట్టులో గుంజ విరగాలంటే ఎంత లోతు పాతాలి, ఎంత లావు ఉండాలి, ఏ నెలలో" అని పెట్టు. 1.1 మీటర్ల లోతుని 1.5, 1.8 చేసి చూడు. వాలు అంచున పాతేచోట అమెరికావాళ్ళూ పొడవాటి గుంజలే వాడతారు. కారు మోడల్ కావాలంటే 2010 టయోటా యారిస్ ఉచితంగా దొరుకుతుంది. ముందే దించుకోకు, ఒక్క గుంజ సరిగ్గా వచ్చాకే.

అడితి_బాబాయ్

నేలమట్టం పుచ్చు గురించి ఒక మాట. బాదు నేలలో లోతుగా ఉన్న ముక్క ఏళ్ళ తరబడి బాగుంటుంది, పైన గాలిలో ఉన్నదీ బాగుంటుంది. గాలీ తడీ కలిసే ఆ జానెడు మేరే పుచ్చుతుంది. పైకి లావు అంతే కనిపిస్తుంది, గోరు గుచ్చితే దిగుతుంది. మందు పట్టించని సరుగుడు గట్టు మీద పెడితే ఎన్నాళ్ళో నిలవదు.

మెష్‌మాస్టర్_పుణే

మందు అన్నారు కాబట్టి, ఇది పక్కదారే అయినా చెప్పకుండా ఉండలేను. అమెరికా రోడ్ల పక్క కర్ర గుంజలకి పట్టించే రాగి-క్రోమియం-ఆర్సెనిక్ మందు, సీసీఏ అంటారు, దాన్ని 1933లో కనిపెట్టింది సొంటి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేశారు. పేరు వింటే చాలు మనవాడని తెలుస్తుంది. మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఆర్సెనిక్ కాబట్టి కాలవనీళ్ళ పక్కన వాడటం గురించి వేరే ఆలోచించాలి. మన కాలవనీళ్ళు తాగే ఊళ్ళున్నాయి.

సిమ్యులేషన్‌లో పుచ్చుని పెట్టడం తేలికే. ఆ జానెడు మేర బయటి వరస ఎలిమెంట్లకి వేరే పార్ట్ నంబరు ఇచ్చి బలాలు తగ్గించు. బయటి పొర పోవడమే ఎక్కువ నష్టం, వంపు బలమంతా అక్కడే కదా. 150లో చుట్టూ 25 మి.మీ. పోతే మిగిలేది 100 మి.మీ. గుంజ, 30 కాస్తా 9.

ఎంటెక్_అమలాపురం

ఆ 9 అయితే ఎండాకాలం నేల ఇచ్చే 20 కన్నా తక్కువ. అంటే అప్పుడు గ్యారంటీగా విరుగుతుంది. ఇది విడిగా ఒక కేసు పెట్టుకుంటాను.

టెస్టు సంగతి చెప్పండి. కాలేజీలో గుద్దించే బండి లేదు, లోలకం లేదు. ఉన్నది యూటీఎం, అంటే ముక్కల్ని లాగి, నొక్కి బలం చూసే యంత్రం, ఒక్కటే.

మెష్‌మాస్టర్_పుణే

యూటీఎం చాలు మొదటి మెట్టుకి. భారత ప్రమాణం ఐఎస్ 1708 చూడు, చిన్న కర్రముక్కల పరీక్షలన్నీ అందులో ఉన్నాయి. వంపుకి 50×50×750 మి.మీ. ముక్క, లేదా 20×20×300. నార వెంబడి నొక్కుడు, అడ్డంగా నొక్కుడు, కోత, అడ్డంగా లాగుడు, వరసగా చెయ్యి. ఒకటి గుర్తుంచుకో, అవి ముడుల్లేని శుభ్రమైన ముక్కలు. పూర్తి గుంజ బలం అంతకంటే తక్కువ. అందుకే పూర్తి గుంజని కూడా రెండు దిమ్మెల మీద పడుకోబెట్టి మధ్యలో నొక్కి విరగ్గొట్టు. అదే యూటీఎం, అదే రోజు. ఆ లోడు-వంపు గీతని సిమ్యులేషన్ పట్టుకోగలిగితేనే మట్టి దగ్గరికి వెళ్ళు.

మట్టికి, గట్టు మీద గుంజ పాతి చైన్ పుల్లీతో మెల్లగా లాగు. మధ్యలో బలం కొలిచే లోడ్‌సెల్, గుంజ తలకి ఒక కొలబద్ద. ఎంత లాగితే ఎంత వాలిందో గీత వస్తుంది, స్ప్రింగులు దానికి సరిపెట్టు.

ఎంటెక్_అమలాపురం

కాలవలు కట్టేసినప్పుడు ఒకసారి, నీళ్ళు వదిలాక ఒకసారి లాగుతాను. గట్టు మీద గొయ్యి తీయడానికి పర్మిషన్ కావాలా?

ఆర్‌అండ్‌బీ_విశ్రాంతి

కావాలమ్మా, తప్పనిసరిగా. గట్టు ఇరిగేషన్ వాళ్ళది, పైన రోడ్డు పంచాయతీదో మా శాఖదో అయినా సరే. కాలేజీ లెటర్‌హెడ్ మీద సెక్షన్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టు. కిలోమీటరు రాయి నంబరు, గొయ్యి సైజు, లోతు, ఏ తేదీన తీసి ఏ తేదీన పూడుస్తావో రాయి. చేతి పటం ఒకటి జత చెయ్యి. లాకుల దగ్గర, తూముల దగ్గర అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. గుంజ పీకాక గొయ్యిని పొరలు పొరలుగా మట్టి వేసి దిమ్మిసతో కొట్టించు. వదులుగా వదిలేస్తే నీళ్ళొచ్చాక ఊట అక్కడే మొదలవుతుంది. పూడ్చే ఖర్చు నువ్వే పెట్టుకుంటానని దరఖాస్తులోనే రాస్తే సంతకం త్వరగా పడుతుంది.